పాలు పడట్లేదంటే ఏం పడట్లేదు? పసిపిల్లల ప్రత్యేక పాలపొడుల్లో ఏది ఎవరికి

"పాపకి పాలు పడట్లేదండీ, ఇంకేదైనా డబ్బా ఇవ్వండి."

మెడికల్ షాపు ముందు నిలబడి ఈ మాట అన్నది నేనే. అప్పటికి మా పాపకి రెండో నెల. నా పాలు చాలక పోతపాలు కూడా మొదలుపెట్టాం. మూడో వారానికల్లా మోషన్ జిగటగా మారింది. ఆ జిగటలో దారప్పోగుల్లాంటి ఎర్రటి చారలు. షాపతను మంచివాడే, తనకు తెలిసినంతలో సాయం చేశాడు. ముందు కంపెనీ మార్చాం. తర్వాత లాక్టోజ్ లేనిది తెచ్చాం. ఆ తర్వాత డబ్బా మీద 'హెచ్ఏ' అని రాసి ఉన్నది. ఆరు వారాల్లో నాలుగు డబ్బాలు మారాయి. చారలు ఆగలేదు, పాప బరువు పెరగడం మాత్రం ఆగిపోయింది.

చివరికి వెళ్లిన పిల్లల డాక్టర్ గారు డబ్బాల పేర్లు అడగలేదు. "డైపర్ ఫోటోలు ఏమైనా ఉన్నాయా?" అని అడిగారు. అదృష్టం కొద్దీ మా వారు తీసిపెట్టారు. అవి చూసి, పాప బుగ్గల మీద, మోచేతుల మడతల్లో గరుకు మచ్చలు వేలితో తడిమి, "ఇది చక్కెర గొడవ కాదమ్మా, ప్రొటీన్ గొడవ. మీరు మార్చిన నాలుగు డబ్బాల్లోనూ ఆ ప్రొటీనే ఉంది" అన్నారు.

ఆ ఒక్క మాట ఆరు వారాల ముందు తెలిసుంటే ఎంత బాగుండేదో! అందుకే ఇది రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. ఏ డబ్బా అన్నది మీ డాక్టరే తేల్చాలి. కానీ ఏ డబ్బా దేనికో తెలిసిన తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలు వేరుగా ఉంటాయి, చెప్పే వివరాలు కూడా పనికొచ్చేవి ఉంటాయి.

ఒకే మాటలో రెండు జబ్బులు

"పాలు పడట్లేదు" అని మనం అనే మాట కింద రెండు వేర్వేరు సంగతులున్నాయి. ఒకటి పాలలోని చక్కెర అరగకపోవడం, అంటే లాక్టోజ్ పడకపోవడం. రెండోది పాలలోని ప్రొటీన్‌ను ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థ శత్రువుగా చూడటం, అంటే ఎలర్జీ. మొదటిదానికి పనిచేసే డబ్బా రెండోదానికి పనిచేయదు. మా ఇంట్లో జరిగింది అదే. లాక్టోజ్ తీసేసిన పాలపొడుల్లో చాలావాటిలో ఆవుపాల ప్రొటీన్ అలాగే ఉంటుంది.

లాక్టోజ్ విషయం ముందు చూద్దాం. ఈ చక్కెర తల్లిపాలలోనూ ఉంటుంది, 100 మిల్లీలీటర్లకు సుమారు 7 గ్రాములు. దాన్ని అరిగించే లాక్టేజ్ అనే ఎంజైము చిన్నపేగు లోపలి గోడ మీదుండే సన్నటి వేళ్లలాంటి మొలకల కొనల్లో తయారవుతుంది. గట్టిగా విరేచనాలు పట్టుకుంటే నారుమడి మీద వరద పారినట్టే, ముందు ఆ కొనలే దెబ్బతింటాయి. అరగని చక్కెర పెద్దపేగులోకి జారి పులుస్తుంది. దాంతో గ్యాసు, నీళ్లు, ఆమ్లం. అందుకే మోషన్ చిమ్మినట్టు వస్తుంది, నురగ ఉంటుంది, పుల్లటి వాసన వేస్తుంది, పిరుదులు ఒరుసుకుపోయి ఎర్రబడతాయి. రక్తం మాత్రం దీని లక్షణం కాదు. రక్తం కనిపిస్తే కారణం వేరే వెతకాలి.

ఇక్కడ బాగా గుర్తుంచుకోవాల్సింది, ఇది తాత్కాలికం. కొనలు మళ్లీ చిగురించడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. విరేచనాలైన ప్రతి బిడ్డకీ లాక్టోజ్ లేని డబ్బా అక్కర్లేదు, ఎక్కువమందికి అవసరమే పడదు. తల్లిపాలు తాగే బిడ్డకి ఆ పాలు ఆపకూడదు. ఓఆర్ఎస్, డాక్టర్ రాసిన రోజులు పూర్తిగా జింక్, మామూలు తిండి, వీటితోనే చాలామంది కోలుకుంటారు. పోతపాలు తాగే పసిబిడ్డకి పైన చెప్పిన లక్షణాలు తగ్గకుండా ఉంటేనే కొన్ని వారాలపాటు లాక్టోజ్ లేనిది వాడతారు. అనుమానం ఉంటే మోషన్ పరీక్షలో రెడ్యూసింగ్ షుగర్స్ (అరగకుండా మిగిలిన చక్కెర), పీహెచ్ (పులుపు ఎంతుందో చెప్పే అంకె, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) చూస్తారు. పీహెచ్ 5.5 కంటే తక్కువుంటే చక్కెర అరగట్లేదన్న అనుమానం బలపడుతుంది.

పుట్టుకతోనే లాక్టేజ్ లేకపోవడం చాలా చాలా అరుదు. పెద్దవాళ్లలో కనిపించే లాక్టోజ్ సమస్య పసితనంలో మొదలయ్యేది కాదు. అందుకని విరేచనాల జబ్బు ఏదీ రాకుండానే రెండు నెలల బిడ్డకి "లాక్టోజ్ పడదు" అని ఎవరైనా తేల్చేస్తే, ఎందుకలా అనుకుంటున్నారో అడగండి.

ఓఆర్ఎస్ మాట వచ్చింది కాబట్టి ఒక్క సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ప్రకారం ఉన్న పొట్లం, లీటరు నీళ్లలో కలిపేది, అదే మందు. పేరులో ఓఆర్ఎస్ అని పెట్టుకుని డబ్బాల్లో అమ్మిన తీపి డ్రింకులు విరేచనాలను ఇంకా పెంచుతాయి. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు దీని మీద ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబర్‌లో ఫుడ్ సేఫ్టీ సంస్థ అలాంటి డ్రింకుల మీద ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. ఇంట్లో పాత ప్యాకెట్ ఏదైనా ఉంటే పిల్లలకి పట్టకండి.

ప్రొటీన్ ఎలర్జీ: పరీక్ష కంటే పథ్యమే గట్టి రుజువు

ఆవుపాల ప్రొటీన్ ఎలర్జీ రెండు రకాలుగా బయటపడుతుంది. కొందరికి పాలు తాగిన నిమిషాల్లో, మహా అయితే రెండు గంటల్లో, దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు, ఆయాసం వస్తాయి. ఇది ప్రమాదకరమైనది, వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాల్సింది. ఇలాంటి బిడ్డకి ఇంట్లో "కొంచెం పట్టి చూద్దాం" అనే ప్రయోగం చేయనే కూడదు.

రెండోది నెమ్మది రకం. గంటల తర్వాతో, రోజుల తర్వాతో తేలుతుంది. మోషన్‌లో జిగట, రక్తపు చారలు, తెగని విరేచనాలు, పాలు కక్కడం, ఒంటి మీద గరుకు మచ్చలు, బరువు పెరగకపోవడం. మా పాపది ఇదే. ఈ రకంలో రక్తపరీక్ష, చర్మం మీద గుచ్చి చేసే పరీక్ష మామూలుగానే రావచ్చు. అలా వచ్చినంత మాత్రాన ఎలర్జీ లేదని అర్థం కాదు. రెండు నుంచి నాలుగు వారాలు ఆవుపాల ప్రొటీన్‌ను పూర్తిగా మానిపించి, తగ్గిందో లేదో చూసి, మళ్లీ కొద్దిగా ఇచ్చి, తిరగబెడుతుందో లేదో చూడటమే దీనికి అసలు పరీక్ష.

ఆ రెండో సగం, మళ్లీ ఇచ్చి చూడటం, చాలామంది వదిలేస్తారు. బిడ్డ తేరుకున్నాక మళ్లీ కదిలించడానికి ఏ తల్లికి మనసొప్పుతుంది? నాకూ ఒప్పలేదు. కానీ డాక్టర్ గారు పట్టుబట్టారు. "ఊరికే తగ్గిందో, పథ్యం వల్ల తగ్గిందో తెలియకుండా ఏడాదిపాటు ఈ ఖర్చు మీ నెత్తిన ఎలా పెట్టమంటారు?" అన్నారు. ఆయన చెప్పినట్టే మామూలు పాలపొడి కలిపిన పాలు కొద్ది కొద్దిగా పట్టాం. మూడో రోజు చారలు కనిపించాయి. అప్పుడిక సందేహం లేదు.

తల్లిపాలు ఉంటే, ఏ డబ్బా కంటే ముందు తల్లి పథ్యమే. తల్లి తిన్న పాల పదార్థాల ప్రొటీన్ కొద్దిగా ఆమె పాలలోకి వస్తుంది. పాలు, పెరుగు, మజ్జిగ, వెన్న, పనీర్, పాలకోవా మానడం ఎవరికైనా తోస్తుంది. నెయ్యి దగ్గర ఆగిపోతారు. నేను పుట్టింట్లో ఉన్నాను. "బాలింతకి నెయ్యి లేకుండా ముద్ద ఎలా దిగుతుందే?" అని మా అమ్మ కన్నీళ్లు పెట్టుకుంది. పప్పు తాలింపు నేతిలో, కారప్పొడి అన్నంలోకి నెయ్యి, ఆఖరికి వాముపొడి కూడా నేతిలో కలిపి పెట్టడం మా ఇంటి అలవాటు. నేతిలో ప్రొటీన్ చాలా తక్కువే అయినా పూర్తిగా లేకుండా ఉండదు. ఆ నాలుగు వారాలూ నువ్వుల నూనెతో గడిపాం. బిస్కెట్లు, బ్రెడ్, స్వీట్ల ప్యాకెట్ల మీద 'మిల్క్ సాలిడ్స్', 'వే', 'కేసినేట్' అన్న మాటలు వెతకడం నేర్చుకున్నాను, ఇవన్నీ పాల ప్రొటీన్‌కి మారుపేర్లే. ఈ పథ్యం చేసే తల్లికి కాల్షియం తగ్గకూడదు. రాగులు, నువ్వులు, ఆకుకూరలతో పాటు డాక్టర్ రాసిన మాత్రలు వేసుకోవాలి. నాలుగు వారాల్లో తేడా ఏమీ కనిపించకపోతే, డాక్టర్‌తో మాట్లాడి ఆపేయాలి. ఫలితం లేని పథ్యంతో బాలింత చిక్కిపోవడం తప్ప ఒరిగేదేమీ ఉండదు.

ప్రొటీన్ ఎలర్జీకి డబ్బాల్లో ఎన్నిక

హెచ్ఏ, అంటే హైపోఎలర్జెనిక్ (ఎలర్జీ తక్కువ తెచ్చేది) అని రాసి ఉండేవి ప్రొటీన్‌ను కొద్దిగా మాత్రమే విడగొట్టినవి. ఎలర్జీ ఉన్న బిడ్డకి ఇవి చికిత్స కావు. విరిగిన ముక్కలు ఇంకా పెద్దవిగానే ఉండి, ఒంట్లో ఆ పాత శత్రువును గుర్తుపట్టేలా చేస్తాయి. పేరు చూసి మోసపోకండి, నేను మోసపోయాను.

సోయా పాలపొడిలో ఆవుపాల ప్రొటీన్ ఉండదు, లాక్టోజ్ ఉండదు, ధర కూడా అందుబాటులో ఉంటుంది. ఆరు నెలలలోపు పిల్లలకి ఎలర్జీ చికిత్సగా సోయాను మొదటి ఎన్నికగా పెట్టరు. ఆవుపాలు పడని పిల్లల్లో కొందరికి సోయా కూడా పడదు, ముఖ్యంగా పేగుల లక్షణాలున్న వాళ్లకి. ఆరు నెలలు దాటి, ఖరీదైన డబ్బా కొనే స్తోమత లేని ఇంట్లో, డాక్టర్ చూస్తుండగా వాడితే ఇది చాలా కుటుంబాలను గట్టెక్కిస్తుంది. పాల చక్కెర నుంచి వచ్చే గాలక్టోజ్‌ను ఒళ్లు వాడుకోలేని గాలక్టోసీమియా అనే అరుదైన పుట్టుక జబ్బులో అయితే సోయా పాలపొడే బిడ్డ ప్రాణాధారం. ఆ జబ్బులో తల్లిపాలు కూడా పట్టకూడదు. షాపుల్లో దొరికే సోయా మిల్క్, బాదం మిల్క్ ప్యాకెట్లు పాలపొడికి సాటి రావు. ఏడాదిలోపు బిడ్డకి అవి ఆహారంగా పనికిరావు.

ఇక అసలైన పోలిక ఈ రెండింటి మధ్యే: ప్రొటీన్‌ను బాగా సన్నగా విడగొట్టినవి, విడివిడి అమైనో యాసిడ్లతోనే తయారైనవి. మొదటి రకాన్ని డాక్టర్లు 'ఈహెచ్ఎఫ్' అంటారు, డబ్బా మీద ఎక్స్‌టెన్సివ్లీ హైడ్రోలైజ్డ్ అని ఉంటుంది. ఎలర్జీ ఉన్న పిల్లల్లో పదిమందికి తొమ్మిదిమంది వరకూ దీంతోనే కుదుటపడతారు. అందుకే ముందు ఇదే. అమైనో యాసిడ్ డబ్బా ధర దానికంటే చాలా ఎక్కువ. ఈహెచ్ఎఫ్‌తో కూడా తగ్గని పిల్లలకి, పాలతో ప్రాణం మీదికి వచ్చిన చరిత్ర ఉన్నవాళ్లకి, ఎదుగుదల బాగా దెబ్బతిన్నవాళ్లకి ఇది. "ఖరీదైనది కాబట్టి ఇంకా మంచిదేమో, నేరుగా దానికే వెళ్దాం" అని మా వారు అన్నారు. పిల్ల విషయంలో ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. కానీ ఈహెచ్ఎఫ్ పనిచేస్తున్న బిడ్డకి అమైనో యాసిడ్ పాలు అదనంగా చేసే మేలు ఏమీ లేదు.

ఖర్చు లెక్క ముందే వేసుకోవాలి, లేకపోతే నెల మధ్యలో గుండె గుభేలుమంటుంది. ఆరు కిలోల బిడ్డ, డబ్బా పాలే తాగితే, రోజుకి కిలోకు 150 మిల్లీలీటర్ల లెక్కన 900 మిల్లీలీటర్లు. దానికి దాదాపు 120 గ్రాముల పొడి. అంటే 400 గ్రాముల డబ్బా మూడు రోజుల మీద కొంచెం. నెలకి తొమ్మిది డబ్బాలు. మీ షాపులో ఉన్న ధరను తొమ్మిదితో గుణించి చూడండి. ఈ మొత్తం డాక్టర్ ముందు సిగ్గుపడకుండా చెప్పండి. మోయలేనంటే వేరే దారి చూస్తారు. అంతేగానీ డబ్బా ఎక్కువ రోజులు రావాలని పల్చగా కలపడం మాత్రం వద్దు. పల్చటి పాలతో బిడ్డ కడుపు నిండుతుంది, ఒళ్లు ఎండిపోతుంది. రక్తంలో సోడియం పడిపోయి ఫిట్స్ వచ్చే ప్రమాదం కూడా ఉంది.

ఇంగ్లండ్‌లో ఉండే మా కజిన్ కూతురికి ఇదే జబ్బు. అక్కడ పిల్లలకి ఇవి డాక్టర్ రాస్తే ప్రిస్క్రిప్షన్ మీద డబ్బు కట్టకుండా వస్తాయి. అక్కడున్న మనవాళ్లు ఎవరైనా సొంతంగా కొనుక్కుంటుంటే ముందు జీపీని, అంటే అక్కడి ఫ్యామిలీ డాక్టర్‌ని, అడగండి. యూరప్‌లో బియ్యపు ప్రొటీన్‌ను విడగొట్టి చేసిన పాలపొడి కూడా వాడుకలో ఉంది.

రుచి సంగతి ఎవరూ ముందు చెప్పరు. ఈహెచ్ఎఫ్ డబ్బా మూత తీసిన రోజు ఇప్పటికీ గుర్తే. పొడి కొంచెం పసుపు డాలు. కలపగానే ఒక ఘాటు వాసన వచ్చింది, ఇనుప గరిటె తడిపి వదిలేసినట్టు, దాని వెనక ఏదో పులుపు. ఒక చుక్క నాలిక మీద వేసుకుంటే చేదు. మా అమ్మ వాసన చూసి, "పాడైపోయిన డబ్బా ఇచ్చారే" అని తిరిగి ఇచ్చేయమంది. పాడవలేదు, అది అంతే ఉంటుంది. నాలుగు నెలలలోపు పిల్లలు దీనికి తొందరగానే అలవాటు పడతారు. ఆ వయసు దాటితే మొహం తిప్పేస్తారు. మా పాప మొదటి రోజంతా తాగింది మొత్తం కలిపి ఒక సీసా కూడా లేదు. సీసా పక్కన పెట్టి ఉగ్గుగిన్నెతో, ఆకలిగా నిద్రలేచిన క్షణం చూసి, కొంచెం కొంచెంగా పోశాం. మూడో రోజుకి అలవాటైంది. తక్షణ రకం ఎలర్జీ లేని బిడ్డకైతే, పాత పాలలో కొత్తవి పావు వంతుతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవడానికి కొందరు డాక్టర్లు ఒప్పుకుంటారు, అడగండి.

ఇంకో సంగతి, ఈ పాలు తాగే పిల్లల మోషన్ ముదురాకుపచ్చగా వస్తుంది. మేం టెన్షన్ పడి రాత్రి పదకొండింటికి డాక్టర్ గారికి ఫోన్ చేశాం. అది మామూలే. పదో రోజుకి చారలు పూర్తిగా ఆగాయి.

మేకపాలు, గాడిదపాలు

ఈ సలహా ఇవ్వని పెద్దవాళ్లు మన ఇళ్లలో అరుదు. మేకపాల ప్రొటీన్ ఆవుపాలకు ఎంత దగ్గరంటే, ఆవుపాలు పడని పిల్లల్లో పదికి తొమ్మిదిమందికి మించి మేకపాలు కూడా పడవు. గేదెపాలూ అంతే. వీధుల్లో గాడిదను తోలుకొచ్చి గిన్నెలోకి పిండి ఇచ్చే పాలు మన రెండు రాష్ట్రాల్లోనూ ఇప్పటికీ కొంటున్నారు. గాడిదపాలు ఆవుపాలంత ఎలర్జీ తేకపోవచ్చు. కానీ అందులో కొవ్వు చాలా తక్కువ, బిడ్డ ఎదగడానికి చాలదు. పైగా పచ్చిగా, కాచకుండా తాగిస్తారు. పసిపేగుల్లోకి పచ్చి పాలతో పాటు ఏ సూక్ష్మజీవి వెళ్తుందో చెప్పలేం. పెద్దవాళ్లు ప్రేమతోనే చెప్తారు. నేను మా నాయనమ్మతో వాదించలేదు, డాక్టర్ గారి దగ్గరికి తీసుకెళ్లి ఆయన చేతే చెప్పించాను.

డబ్బా మారిస్తే పోనివి

పాలు కక్కే పిల్లల కోసం చిక్కదనం పెంచిన ఏఆర్ పాలపొడులున్నాయి. హాయిగా ఆడుకుంటూ, బరువు పెరుగుతూ, నోటి నిండా కక్కే బిడ్డకి వాటి అవసరం తక్కువ. పాలు పట్టే పరిమాణం తగ్గించి, ఎక్కువసార్లు పట్టి, కాసేపు నిటారుగా భుజాన వేసుకుంటే చాలు. ఏడాది దాటేసరికి చాలామందికి అదే పోతుంది. సాయంత్రాలు గుక్కపట్టి ఏడ్చే కోలిక్ ఆరో వారం చుట్టూ ఎక్కువై, మూడు నాలుగు నెలలకి తగ్గిపోతుంది. ఆ సమయంలో ఏ డబ్బాకి మారితే దానికి పేరొస్తుంది. ఈ ఏడుపుకి వసకొమ్ము అరగదీసి నాకించడం, తేనె రాయడం చేయకండి. ఏడాదిలోపు బిడ్డకి తేనె నిజంగానే ప్రమాదం.

కొన్నింటికి మాత్రం పాలపొడి గురించి ఆలోచిస్తూ కూర్చోకూడదు. ఆకుపచ్చటి పసరు వాంతి, ఎగజిమ్మినట్టు ప్రతి పాలకీ వాంతి, ఉబ్బిన గట్టి పొట్ట, మగతగా పడిపోవడం, ఇవి అదే గంటలో ఆస్పత్రికి వెళ్లాల్సినవి. పుట్టి రెండు వారాలు దాటినా పచ్చకామెర్లు తగ్గక, మోషన్ సున్నం లాగా, తడి బూడిద లాగా తెల్లగా వస్తే అది అరుగుదల సమస్య కాదు, పైత్యరసం పేగులోకి రావట్లేదన్న సూచన. బిలియరీ ఎట్రీసియా (పైత్యరస నాళాలు మూసుకుపోయిన జబ్బు) అయితే, పైత్యరసానికి పేగులోకి దారి చేసే కసాయ్ ఆపరేషన్ బిడ్డ పుట్టిన 60 రోజులలోపు జరిగితే ఫలితం బాగుంటుంది. "పాలు మార్చి చూద్దాం" అంటూ గడిపే ఒక్కో వారం ఆ బిడ్డ కాలేయం మీద పడుతుంది. ఎంసీటీ అనే ప్రత్యేక కొవ్వు ఉన్న డబ్బాలు ఇలాంటి పిల్లల కోసమే. ఆ కొవ్వుకి పైత్యరసం పెద్దగా అక్కర్లేదు, పేగు నుంచి నేరుగా రక్తంలోకి వెళ్తుంది. కాలేయ జబ్బులు, పేగు చాలా భాగం తీసేసిన పిల్లలు, శోషరస (లింఫ్) నాళాల జబ్బులు, వీటికి ప్రాణం నిలిపే ఆహారం అది. బరువు పెరగడానికని సొంతంగా కొనేది కాదు.

కాస్త పెద్ద పిల్లల సంగతి

రెండు వారాలు దాటినా విరేచనాలు తగ్గకపోతే, ఆరు నెలలు దాటిన పిల్లలకి ఆస్పత్రుల్లో డబ్బా కంటే ముందు తిండితోనే మొదలుపెడతారు. ముందు పాలు తగ్గించి అన్నంతో కలిపిన జావ. దానికి తగ్గకపోతే పాలు పూర్తిగా మాని, గుడ్డు తెల్లసొనతో అన్నం. దానికీ తగ్గకపోతే మెత్తగా రుబ్బిన కోడిమాంసం, గ్లూకోజ్. మనకి అందుబాటులో ఉన్న ఈ వంటింటి సరుకులే ఎందరో పిల్లల్ని నిలబెట్టాయి. ఎలర్జీ లేకుండా, విరేచనాల తర్వాత కోలుకుంటున్న బిడ్డకి మెత్తటి పెరుగన్నం కూడా మంచిదే. తోడుకునేటప్పుడు లాక్టోజ్ కొంత తగ్గిపోతుంది.

గోధుమ తిండి మొదలుపెట్టాక పొట్ట ఉబ్బి, చేతులు కాళ్లు సన్నబడి, రక్తం పట్టని బిడ్డకి సీలియాక్ జబ్బు, అంటే గోధుమలోని గ్లూటెన్ అనే ప్రొటీన్ వల్ల పేగు దెబ్బతినడం, ఉందేమో చూడాలి. అన్నం తినే మన ప్రాంతాల్లో ఇది తోచదు, కానీ చపాతీ, బ్రెడ్, బిస్కెట్ మన పిల్లలూ తింటున్నారు. దీన్ని పట్టిచ్చే టీటీజీ రక్తపరీక్ష చేయించేవరకూ గోధుమ మానిపించకండి, మానేశాక చేస్తే పరీక్ష తప్పు చెప్పవచ్చు. తేలితే ఇక జీవితాంతం గోధుమ, బార్లీ లేని తిండే. దీనికి ఏ డబ్బా మందు కాదు. బియ్యం, జొన్న, రాగి ఉన్న మన వంటిల్లు ఇక్కడ పెద్ద వరం. ఇంగువ డబ్బా ఒకసారి తిప్పి చదవండి, చాలా ఇంగువల్లో గోధుమపిండి కలుపుతారు.

క్రోన్స్ అనే పేగుపుండ్ల జబ్బు ఉన్న పెద్ద పిల్లలకి ఆరు నుంచి ఎనిమిది వారాలు తిండి మాన్పించి ఫార్ములా మాత్రమే ఇస్తారు, స్టెరాయిడ్లు లేకుండానే చాలామందికి జబ్బు చల్లారుతుంది. ఇక్కడ కూడా అమైనో యాసిడ్ల ఖరీదైన డబ్బా, మామూలు ప్రొటీన్ ఉన్న డబ్బా దాదాపు ఒకేలా పనిచేస్తాయి. కాబట్టి పిల్లవాడు రుచి చూసి తాగగలిగిందే తీసుకోవడం మేలు.

కలపడంలో

పాలపొడి ఎంత ఖరీదైనదైనా సూక్ష్మజీవులు బొత్తిగా లేనిది కాదు. 2022 ఫిబ్రవరిలో అమెరికాలో క్రోనోబ్యాక్టర్ అనే ప్రమాదకరమైన బ్యాక్టీరియా భయంతో మిషిగన్ రాష్ట్రం స్టర్జిస్ ఫ్యాక్టరీ పొడులు వెనక్కి తీసుకున్నారు. ఎలర్జీ పిల్లల డబ్బాలు కూడా అందులో ఉండటంతో అక్కడున్న తల్లులు నెలల తరబడి ఊళ్లు ఊళ్లు తిరిగారు. అందుకే ఇదే రకంలో రెండో బ్రాండు ఏదో డాక్టర్ని ముందే అడిగి రాసి పెట్టుకోండి.

నీళ్లు కాచి, అరగంట దాటకుండా, ఇంకా వేడిగా ఉన్నప్పుడే పొడి కలిపి, తర్వాత చల్లార్చాలి. 70 డిగ్రీలకు తగ్గని వేడి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మంచి బ్యాక్టీరియా కలిపిన కొన్ని ఈహెచ్ఎఫ్ పొడులకి ఈ వేడి పనికిరాదు, ఆ డబ్బా మీద ఉన్నట్టే చేయాలి, చాలా చిన్న బిడ్డ అయితే డాక్టర్ని అడగాలి. ముందు నీళ్లు, తర్వాత పొడి. ఆ డబ్బాలో వచ్చిన స్కూపే వాడాలి, పైన కత్తితో చదును చేయాలి. కలిపిన పాలు రెండు గంటల్లో అయిపోవాలి, తాగగా మిగిలినవి పారబోయాలి. ఎంత ఖరీదైనా సరే. ఆ పారబోసేటప్పుడు మనసు ఎలా ఉంటుందో నాకు తెలుసు, అందుకే మేం ఒక్కోసారికి తక్కువ కలిపి, చాలకపోతే మళ్లీ కలిపేవాళ్లం.

ఇంకోటి. ప్రసూతి ఆస్పత్రిలో ఎవరైనా ఫ్రీ శాంపిల్ డబ్బా చేతిలో పెడితే తీసుకోకండి. పసిపిల్లల పాలపొడుల అమ్మకాల మీద వచ్చిన 1992 చట్టం, 2003లో సవరించాక ఇంకా గట్టిగా, దాన్ని నిషేధించింది. రెండేళ్లలోపు పిల్లల పాలపొడులకి ప్రకటనలు కూడా చేయకూడదు.

ఎప్పుడు ఆపాలి

డబ్బా మొదలుపెట్టిన రోజే ఈ ప్రశ్న అడగండి. లాక్టోజ్ లేనిది వారాల లెక్క. ఎలర్జీ డబ్బా నెలల లెక్క, సాధారణంగా ఆరు నెలలు గడిచాక, ఏడాది వయసు దగ్గర్లో, మళ్లీ పరీక్షించి చూస్తారు. ఎక్కువమంది పిల్లలకి మూడేళ్లు వచ్చేసరికి పాలు పడతాయి. అడగనందుకు ఏళ్ల తరబడి ఊరికే పథ్యం చేసిన పిల్లల్ని నేనెరుగుదును.

మా పాపకి పదమూడో నెలలో మెట్లు, అంటే పాలను మెట్టు మెట్టుగా మళ్లీ అలవాటు చేయడం, మొదలయ్యాయి. ముందు పాలు కలిసిన బిస్కెట్ చిన్న ముక్క. ఓవెన్‌లో బాగా కాల్చి చేసిన తిండిలో, గోధుమపిండితో కలిసినప్పుడు, పాల ప్రొటీన్ పదును తగ్గుతుందట. ముక్క నుంచి సగం, సగం నుంచి మొత్తం. తర్వాత కేకు. తర్వాత మజ్జిగ పులుసు, ఎందుకంటే అందులో మజ్జిగ బాగా మరుగుతుంది. అక్కడ ఒకసారి చెంపల మీద గరుకు తిరగబెట్టింది. డాక్టర్ గారు కిందిమెట్టుకి దిగి నెల ఆగమన్నారు, ఆగాం. రెండోసారి ఏమీ కాలేదు. ఇరవయ్యో నెలలో ఒక మధ్యాహ్నం మా నాయనమ్మ తన కంచంలోంచి పెరుగన్నం ముద్ద చేసి, నా మొహంలోకి చూసింది. పెట్టమన్నాను.